కిడ్నీ గరాటు, మూత్రనాళాల్లో వచ్చే అరుదైన క్యాన్సర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

స్కానింగ్ రిపోర్టులో "పెల్విస్‌లో గడ్డ", "యురేటర్‌లో అడ్డు", "యూటీయూసీ అనుమానం" అని చూసి కంగారు పడుతున్న రోగుల కోసం, వాళ్ల వెంట ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న ఇంటివాళ్ల కోసం రాసింది ఇది. చికిత్స నిర్ణయించాల్సింది మిమ్మల్ని చూసే డాక్టరే. ఆయన్ని ఏం అడగాలో, ఎప్పుడు అడగాలో ఇక్కడ చెబుతున్నాం.

కిడ్నీ క్యాన్సర్ అంటే అంతా ఒకటే కదా?

కాదు. ఏ రకమో ఆపరేషన్ టేబుల్ ఎక్కకముందే తేలాలి.

కిడ్నీని నిలువుగా చీల్చి చూస్తే చుట్టూ ఎర్రటి కండ, మధ్యలో తెల్లటి గరాటు కనిపిస్తాయి. కండలో రక్తం వడకట్టబడి మూత్రం తయారవుతుంది. అది చిన్న చిన్న గిన్నెల్లోకి కారి, గరాటులో చేరి, అక్కడి నుంచి దాదాపు 25 సెంటీమీటర్ల పొడవున్న సన్నటి గొట్టంలోంచి మూత్రాశయంలోకి దిగుతుంది. ఆ గరాటే పెల్విస్, ఆ గొట్టమే యురేటర్, అంటే మూత్రనాళం.

కండలో పుట్టేది రీనల్ సెల్ కార్సినోమా. గరాటు, నాళాల లోపలి పొరలో పుట్టేది యూరోథీలియల్ కార్సినోమా. పై భాగంలో వచ్చింది కాబట్టి దీన్ని అప్పర్ ట్రాక్ట్ యూరోథీలియల్ కార్సినోమా, పొట్టిగా యూటీయూసీ అని రాస్తారు. మూత్రాశయం లోపల పరుచుకుని ఉండేదీ ఇదే పొర. అందుకే దీని చుట్టరికం మూత్రాశయ క్యాన్సర్‌తో, పక్కనే ఉన్న కిడ్నీ కండతో కాదు.

ఈ తేడా వల్ల చికిత్సే మారిపోతుంది. కండలో గడ్డకు కిడ్నీ, చాలాసార్లు గడ్డ వరకే తీస్తే సరిపోతుంది. మామూలు కీమో దానిమీద పెద్దగా పనిచేయదు. గరాటులో గడ్డ ప్రమాదకరమైన రకమైతే కిడ్నీతోపాటు నాళం మొత్తం, అది మూత్రాశయంలోకి దిగే చోటు కూడా తీయాలి. దానికి కీమో పనిచేస్తుంది. ఒకటనుకుని ఇంకోదానికి ఆపరేషన్ చేస్తే రెండోసారి కోయాల్సి వస్తుంది.

ఇది ఎంత అరుదు?

యూరోథీలియల్ క్యాన్సర్లలో తొంభై శాతానికి పైగా మూత్రాశయంలోనే వస్తాయి. గరాటు, నాళాల్లో వచ్చేవి 5 నుంచి 10 శాతం. పాశ్చాత్య దేశాల్లో ఏడాదికి లక్షమందిలో సుమారు ఇద్దరికి వస్తుంది. డెబ్బై దాటినవాళ్లలో ఎక్కువ, ఆడవాళ్లకంటే మగవాళ్లలో దాదాపు రెట్టింపు. నాళంకంటే గరాటులో ఎక్కువగా వస్తుంది. నాళంలో వస్తే మూత్రాశయానికి దగ్గరగా ఉండే కింది భాగంలోనే ఎక్కువ.

ఒక విషయం మాత్రం ఆందోళన కలిగించేదే. మూత్రాశయ గడ్డలు చాలావరకు పైపొరలో ఉండగానే బయటపడతాయి. గరాటు, నాళాల గడ్డలు మూడింట రెండు వంతులు బయటపడేసరికే గోడలోకి దిగి ఉంటాయి. అక్కడి గోడ చాలా పల్చన, కండర పొర పేరుకే ఉంటుంది. అందుకే ఇక్కడ ఆలస్యం చాలా నష్టం చేస్తుంది.

మూత్రం ఒకసారి ఎర్రగా వచ్చింది, మర్నాటికి ఆగిపోయింది. ఇంకా చూపించుకోవాలా?

తప్పకుండా. ఈ జబ్బున్న పదిమందిలో ఏడెనిమిది మందికి మొదటి లక్షణం మూత్రంలో రక్తమే. నొప్పి ఉండకపోవచ్చు. రెండు రోజులు వచ్చి, తనంతట తనే ఆగి, మూడు నెలలకు మళ్లీ రావచ్చు. మధ్యలో ఆగిన రోజుల్లో "వేడి చేసింది, మజ్జిగ తాగితే తగ్గింది" అనుకుంటారు. మజ్జిగ తాగినా తాగకపోయినా అది ఆగేదే. గడ్డ మాత్రం అక్కడే ఉంటుంది.

రక్తం ఎలా పడుతుందో గమనించండి. తెల్లటి మగ్గులో పోసి చూస్తే ఒక్కోసారి వానపాములా సన్నగా, పొడవుగా ఉండే నెత్తుటి గడ్డలు కనిపిస్తాయి. రక్తం సన్నటి నాళంలో గడ్డకట్టి, ఆ అచ్చులోనే కిందికి దిగిందన్నమాట. అంటే రక్తం పైనుంచి వస్తోందని అర్థం. మూత్రాశయంలో గడ్డకట్టిన రక్తం ముద్దలుగా పడుతుంది. ఫోన్‌తో ఒక ఫొటో తీసి డాక్టరుకు చూపించండి, మాటల్లో వర్ణించడంకన్నా మేలు.

బీట్‌రూట్ తిన్నా, టీబీకి వాడే రిఫాంపిసిన్ వేసుకున్నా మూత్రం రంగు మారుతుంది. మూత్ర పరీక్షలో ఎర్ర రక్తకణాలు ఉన్నాయో లేవో చూస్తే ఇది తేలిపోతుంది. గుండెకు రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నవాళ్లు "మాత్రల వల్లే" అని వదిలేస్తుంటారు. అది పొరపాటు. ఆ మాత్రలు దాగి ఉన్న గడ్డ నుంచి రక్తం కారేలా చేస్తాయి, అందుకని వాళ్లకూ పూర్తి పరీక్షలు కావాలి.

మాకు రాళ్లున్నాయి. నడుము నొప్పి, రక్తం రాళ్ల వల్లే అన్నారు. నమ్మొచ్చా?

మన ఎండల్లో రాళ్లు ఎక్కువ కాబట్టి చాలాసార్లు అది నిజమే. అయితే రాయి ఉన్నంత మాత్రాన గడ్డ లేదని కాదు. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ ఉబ్బినట్టు కనబడి, కారణమైన రాయి కనబడకపోతే, "చిన్న రాయి పడిపోయి ఉంటుంది" అన్న మాటతో ఊరుకోకూడదు. కిడ్నీకీ మూత్రాశయానికీ మధ్య నాళం అల్ట్రాసౌండ్‌కు సరిగా దొరకదు. పేగుల్లోని గాలి అడ్డొస్తుంది.

మన దగ్గర ఇంకో చిక్కు మూత్రనాళాల టీబీ. అదీ నాళాన్ని సన్నబరుస్తుంది, కిడ్నీని ఉబ్బేలా చేస్తుంది, రక్తం తెప్పిస్తుంది. మూత్రంలో చీముకణాలు ఉండి మామూలు కల్చర్‌లో సూక్ష్మజీవి పెరగకపోతే టీబీ పరీక్ష చేయించాలి. టీబీ మందులు మొదలుపెట్టాక కూడా నాళంలో అడ్డు పెరుగుతుంటే గడ్డ కోసం మళ్లీ వెతకాలి.

ఏళ్ల తరబడి వదిలేసిన పెద్ద రాళ్లు, ముఖ్యంగా జింక కొమ్ముల్లా గరాటంతా అల్లుకున్నవి, లోపలి పొరను అదేపనిగా ఒరుస్తూ స్క్వేమస్ సెల్ క్యాన్సర్ అనే మరో అరుదైన రకానికి దారితీస్తాయి. ఇది స్కాన్‌లో విడిగా కనబడడం కష్టం. చాలాసార్లు "పనిచేయని కిడ్నీ" అని తీసేశాక బయాప్సీ రిపోర్టులో బయటపడుతుంది. కాబట్టి రాళ్ల కోసం తీసిన కిడ్నీని కూడా పాథాలజీకి పంపారా, రిపోర్టు వచ్చిందా అని అడిగి కాగితం చేతికి తీసుకోండి.

సీటీ యూరోగ్రామ్ అంటే ఏమిటి? రాళ్లకు తీసిన సీటీ చాలదా?

చాలదు. రాళ్లకు తీసేది రంగు మందు ఎక్కించని సీటీ. అందులో రాయి తెల్లగా మెరుస్తుంది, గడ్డ మాత్రం చుట్టూ ఉన్న కండలో కలిసిపోతుంది. యూరోగ్రామ్‌లో మూడు దశలుంటాయి. మొదట మందు లేకుండా, తర్వాత మందు ఎక్కించి సుమారు నిమిషంన్నరకు కిడ్నీ కండ వెలిగినప్పుడు, ఆఖరున 10 నుంచి 15 నిమిషాలు ఆగి ఆ మందు మూత్రంతో కలిసి గరాటులోకి, నాళంలోకి దిగినప్పుడు. ఈ మూడో దశలోనే తెల్లటి గరాటులో నల్లటి ఖాళీలా గడ్డ కనిపిస్తుంది. హడావిడిలో ఈ దశ తీయకుండానే మిమ్మల్ని లేపేస్తే డబ్బు వృథా, సమాచారం సగం. చీటీ మీద "సీటీ యూరోగ్రామ్, ఆలస్య దశతో" అని రాయించుకోండి.

పరీక్షకు ముందు క్రియాటినిన్ చూడాలి. మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగులు, ఇంతకుముందు రంగు మందు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఎమ్మారై యూరోగ్రఫీ చేస్తారు. సీటీ యూరోగ్రామ్ చాలా నమ్మదగినదే అయినా, పొరకు అంటుకుని చదునుగా పాకే గడ్డలను పట్టలేదు.

మూత్రంలో క్యాన్సర్ కణాల పరీక్షకు నమూనా ఎలా ఇవ్వాలి?

పొద్దున్నే మొదటిసారి పోసే మూత్రం ఇవ్వకండి. రాత్రంతా నిలవ ఉన్న మూత్రంలో కణాలు చివికిపోతాయి. రెండోసారి పోసేది ఇవ్వండి. సుమారు 50 మిల్లీలీటర్లు ఉంటే మంచిది. ఇంటి దగ్గర పట్టి బస్సులో రెండు గంటలు తీసుకెళ్తే పనికిరాదు, ల్యాబులోనే ఇచ్చి వెంటనే అందించండి. సాధారణంగా మూడు వేర్వేరు రోజుల నమూనాలు అడుగుతారు.

ఈ పరీక్షను సైటాలజీ అంటారు. "హై గ్రేడ్ కణాలు ఉన్నాయి" అని, అంటే దుడుకు రకం కణాలని, వస్తే ఆ మాటకు చాలా బరువుంది. "లేవు" అని వస్తే మాత్రం గడ్డ లేదని కాదు. పై భాగం గడ్డల విషయంలో ఈ పరీక్ష చాలా వాటిని పట్టలేదు. మూత్రాశయంలోకి గొట్టం పంపి చూసే సిస్టోస్కోపీ కూడా తప్పనిసరి, ఎందుకంటే కొందరికి అక్కడా గడ్డ ఉంటుంది.

బయాప్సీకి బయటినుంచి సూది గుచ్చుతామన్నారు. చేయించుకోవచ్చా?

గడ్డ కిడ్నీ కండలో ఉంటే సూది బయాప్సీ మామూలే, భయం అక్కర్లేదు. గరాటులోనో నాళంలోనో ఉందన్న అనుమానం ఉంటే వీపునుంచి సూది గుచ్చడం మంచిది కాదు. ఈ పొర కణాలు సూది దారి వెంట అతుక్కుని పెరిగే ప్రమాదం ఉంది. ఇదే కారణంతో, అడ్డు వల్ల ఉబ్బిన కిడ్నీకి వీపునుంచి గొట్టం వేయడంకన్నా, వీలైతే లోపలి నుంచి డీజే స్టెంటు, అంటే నాళంలో ఉంచే సన్నటి గొట్టం, వేయడమే మేలు.

నమూనా తీయడానికి సరైన దారి యూరెటెరోస్కోపీ. మూత్రద్వారం గుండా సన్నటి వంగే గొట్టం పైకి పంపి, కళ్లతో చూసి, చిటికెడు ముక్క తీస్తారు. ముక్క చాలా చిన్నది కాబట్టి గడ్డ ఎంత లోతుకు దిగిందో అది చెప్పలేదు. ఎంత దుడుకు రకమో, అంటే గ్రేడు, చాలావరకు చెబుతుంది. ఇంకో సంగతి, ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లలో తర్వాత మూత్రాశయంలో గడ్డలు కొంచెం ఎక్కువగా వస్తున్నాయి. అందుకే స్కాన్‌లో గడ్డ స్పష్టంగా ఉండి, సైటాలజీలో హై గ్రేడ్ కణాలు కనబడితే, కొన్నిసార్లు దీన్ని వదిలేసి నేరుగా ఆపరేషన్‌కు వెళ్తారు. స్కాన్ అనుమానంగా ఉంటే, లేదా కిడ్నీని కాపాడే ఆలోచన ఉంటే ఇది చేయాల్సిందే.

కిడ్నీ తీయకుండా కుదరదా?

కొందరికి కుదురుతుంది. యూరప్ యూరాలజీ మార్గదర్శకాల ప్రకారం గడ్డ ఒక్కటే ఉండాలి, 2 సెంటీమీటర్లలోపు ఉండాలి, సైటాలజీలో హై గ్రేడ్ కణాలు ఉండకూడదు, బయాప్సీలో లో గ్రేడ్ అని రావాలి, సీటీలో గోడలోకి దిగిన ఆనవాలు ఉండకూడదు. ఇవన్నీ కలిస్తేనే తక్కువ ప్రమాదం. అలాంటివాళ్లకు లేజర్‌తో గడ్డను లోపలే కాల్చేస్తారు. నాళం కింది భాగంలో ఉంటే ఆ ముక్క వరకు కోసి, మిగతా నాళాన్ని మూత్రాశయానికి కొత్తగా కుడతారు.

లేజర్ ఒక్కసారితో అయిపోయే వైద్యం కాదు. 8 వారాల్లోపు మళ్లీ గొట్టం పంపి చూడాలి, ఆపైన ఏళ్లపాటు తిరగాలి. ఊరు దూరమనో, డబ్బు లేదనో మధ్యలో మానేసే పరిస్థితి ఉంటే ఆ మాట డాక్టరుకు ముందే దాచకుండా చెప్పండి. నిఘా లేని లేజర్ వైద్యం ప్రమాదం. పై భాగంలో నిలిచి ఉండేలా జెల్ రూపంలో చేసిన మైటోమైసిన్ అనే కీమో మందును అమెరికాలో 2020లో లో గ్రేడ్ గడ్డలకు అనుమతించారు. దాన్ని వారానికోసారి చొప్పున ఆరు వారాలు ఎక్కిస్తారు.

ఒకే కిడ్నీ ఉన్నవాళ్లకు, రెండువైపులా గడ్డలున్నవాళ్లకు ప్రమాదం కొంచెం ఎక్కువైనా కిడ్నీని నిలపడానికే ప్రయత్నిస్తారు, లేదంటే డయాలసిస్ మీద పడాలి.

పెద్ద ఆపరేషన్‌లో ఏమేం తీస్తారు?

దాని పేరు రాడికల్ నెఫ్రోయూరెటెరెక్టమీ. కిడ్నీ, చుట్టూ ఉన్న కొవ్వు, నాళం మొత్తం, చివరన మూత్రాశయంలోకి నాళం తెరుచుకునే చోట చిన్న ఉంగరంలా కండ, ఇన్నీ తీస్తారు. కండరంలోకి దిగినట్టున్న గడ్డలకు ఆ చుట్టుపక్కల లింఫ్ గ్రంథులను కూడా తీస్తారు. కోసి చేసినా, కీహోల్‌తో చేసినా, రోబోతో చేసినా తీయాల్సినవి ఇవే.

ఎక్కువగా తప్పు జరిగేది కింది కొన దగ్గరే. కిడ్నీ పైన ఉంటుంది, నాళం కొన కటి లోపల ఉంటుంది, రెండూ ఒకే కోతలో అందవు. నాళాన్ని సగంలో కట్టేసి వదిలితే మిగిలిన ముక్కలో గడ్డ మళ్లీ మొలుస్తుంది, పైగా దాన్ని చూడడానికి గొట్టం పంపడమూ కష్టమవుతుంది. పనిచేయని కిడ్నీ అని తీసేశాక రిపోర్టులో ఈ క్యాన్సర్ అని వస్తే, మిగిలిన నాళాన్ని తీసే రెండో ఆపరేషన్ గురించి వెంటనే మాట్లాడాలి, "చూద్దాం" అని ఆగకూడదు.

సర్జన్‌ను ఆపరేషన్‌కు ముందు ఇవి అడగండి: నాళం కొన, మూత్రాశయపు ఉంగరం తీస్తున్నారా? గ్రంథులు తీస్తారా? మూత్రాశయంలోకి మందు ఒక డోసు ఇస్తారా? నా జీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) ఇప్పుడెంత, ఆపరేషన్ తర్వాత ఎంతకు పడిపోవచ్చు? ముందు మెడికల్ ఆంకాలజిస్టును, అంటే క్యాన్సర్‌కు మందులిచ్చే డాక్టరును, కలవాలా?

మూడో ప్రశ్న ఎందుకంటే, ఈ ఆపరేషన్ అయినవాళ్లలో పావువంతు నుంచి దాదాపు సగం మందికి తర్వాత మూత్రాశయంలో గడ్డలు వస్తాయి. పైనుంచి రాలిన కణాలు అక్కడ నాటుకుంటాయి. క్యాథెటర్ (మూత్రం కోసం వేసిన గొట్టం) తీసే ముందు మైటోమైసిన్ 40 మిల్లీగ్రాములు ఒక్కసారి మూత్రాశయంలో నింపితే, బ్రిటన్‌లో రోగుల మీద జరిగిన ఒడ్మిట్-సీ అనే అధ్యయనంలో మొదటి ఏడాది ఈ గడ్డలు 27 శాతం నుంచి 17 శాతానికి తగ్గాయి. మూత్రాశయం కుట్టు కారడం లేదని రంగు మందు ఎక్స్‌రేతో నిర్ధారించుకున్నాకే ఇవ్వాలి. కారుతుండగా ఇస్తే కడుపులోకి పోయి పుండు చేస్తుంది.

కీమో ఆపరేషన్‌కు ముందా, తర్వాతా?

ఈ జబ్బులో బాగా పనిచేసే మందు సిస్‌ప్లాటిన్. అది ఇవ్వాలంటే కిడ్నీలు గట్టిగా ఉండాలి, జీఎఫ్ఆర్ కనీసం 50 నుంచి 60 ఉండాలని చూస్తారు. రోగి వయసు డెబ్బై, షుగర్, బీపీ ఉంటాయి, పైగా ఒక కిడ్నీ తీసేస్తాం. ఆపరేషన్‌కు ముందు 65 ఉన్న జీఎఫ్ఆర్ తర్వాత 45కు పడితే సిస్‌ప్లాటిన్ దారి మూసుకుపోతుంది. అందుకే హై గ్రేడ్ గడ్డ అని తేలినవాళ్లలో రెండు కిడ్నీలూ ఉండగానే ముందు కీమో ఇచ్చే పద్ధతి పెరుగుతోంది. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునేలోపే ఈ మాట ఎత్తాలి. తర్వాత ఎత్తితే ప్రయోజనం ఉండదు.

ముందు ఇవ్వడం కుదరలేదనుకోండి, తర్వాత ఇవ్వడానికీ గట్టి ఆధారం ఉంది. 2020లో వెలువడిన బ్రిటన్ పౌట్ అనే అధ్యయనంలో 261 మంది పాల్గొన్నారు. కండరంలోకి దిగిన, లేదా గ్రంథులకు పాకిన జబ్బుకు ఆపరేషన్ అయిన 90 రోజుల్లోపు జెమ్‌సైటబిన్‌తో సిస్‌ప్లాటిన్, జీఎఫ్ఆర్ 30 నుంచి 49 మధ్య ఉంటే కార్బోప్లాటిన్, నాలుగు విడతలు ఇచ్చారు. మూడేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు కీమో తీసుకున్నవాళ్లలో 71 శాతం, తీసుకోనివాళ్లలో 46 శాతం. ఆ 90 రోజుల గడువు గుర్తుంచుకోండి. రిపోర్టు ఆలస్యమనో, పండగ తర్వాత వెళ్దామనో నెలలు గడిపేస్తే ఈ లాభం చేజారుతుంది.

ఇతర అవయవాలకు పాకితే?

2023 చివర్లో అమెరికా అనుమతించిన ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ జంట మొదటి వైద్యంగా వచ్చింది. మూత్రాశయం, పై భాగం రెండు రకాల రోగులూ ఉన్న అధ్యయనంలో సగటు జీవితకాలం కీమోతో 16 నెలలుంటే ఈ జంటతో 31 నెలలు దాటింది. దద్దుర్లు, అరికాళ్ల తిమ్మిరి, షుగర్ పెరగడం దీని ఇబ్బందులు. మందుల ధర చాలా ఎక్కువ. అది అందని చోట జెమ్‌సైటబిన్, సిస్‌ప్లాటిన్ కీమో ఇప్పటికీ మంచి వైద్యమే. పై భాగం గడ్డల్లో ఎఫ్‌జీఎఫ్ఆర్3 జన్యు మార్పు తరచుగా కనిపిస్తుంది, అది ఉన్నవాళ్లకు ఎర్డాఫిటినిబ్ మాత్ర ఉంది. గడ్డ ముక్కమీద ఈ పరీక్ష చేయించమని అడగండి.

ఇది ఎందుకొస్తుంది? నాటు మందుల వల్ల వస్తుందా?

సిగరెట్, చుట్ట, బీడీలదే పెద్ద వాటా. పొగలోని రసాయనాలు మూత్రంలోంచే బయటికి పోతాయి, దారి పొడవునా పొరను తాకుతూ పోతాయి. కొన్ని రకాల రంగుల, రబ్బరు పరిశ్రమల్లో వాడిన ఆరోమాటిక్ ఎమైన్లు అనే రసాయనాలు ఇంకో కారణం.

మూలికల విషయం మన వాళ్లు తప్పక తెలుసుకోవాలి. అరిస్టోలోకియా జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది కిడ్నీ కండను ఎండగడుతుంది, లోపలి పొర కణాల డీఎన్ఏకు అతుక్కుని చెరగని మచ్చ వేస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడడానికి చైనా మూలికల గుళికలు మింగిన స్త్రీల కిడ్నీలు పాడయ్యాయి. వాళ్లలో ముందుజాగ్రత్తగా కిడ్నీలు, నాళాలు తీయించుకున్న 39 మందిలో 18 మందికి ఈ క్యాన్సర్ కనబడింది. బాల్కన్ దేశాల్లో డాన్యూబ్ ఉపనదుల పల్లెల్లో గోధుమ చేలల్లో కలుపుగా పెరిగిన ఇదే జాతి మొక్క గింజలు పిండిలో కలిసి తరతరాలుగా ఇదే జబ్బు తెచ్చాయి. తైవాన్‌లో ఈ క్యాన్సర్ అసాధారణంగా ఎక్కువ ఉండడానికీ మూలికలే ప్రధాన కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ మొక్కలను 2002లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

మన దగ్గర ఈ జాతి మొక్కలు ఈశ్వరి, గాడిదగడపాకు. పాము కాటుకనీ, కడుపులో పురుగులకనీ పల్లెల్లో వేరు, ఆకు వాడతారు. వీటిని నోటితో తీసుకోకండి, పిల్లలకు అసలే ఇవ్వకండి. ఏళ్ల తరబడి నాటు మందు వాడినవాళ్లు ఏం వాడారో డాక్టరుకు చెప్పాలి. "ఆయన తిడతారేమో" అని దాచొద్దు.

ఉద్దానం కిడ్నీ జబ్బు ఇదేనా?

కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఉన్నది కిడ్నీ మెల్లగా పనిచేయడం మానేసే దీర్ఘకాలిక జబ్బు. అది క్యాన్సర్ కాదు.

ఇది వంశంలో వస్తుందా?

కొన్ని కుటుంబాల్లో వస్తుంది. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జన్యు లోపం ఉన్న ఇళ్లలో పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్ల తర్వాత ఎక్కువగా కనిపించేది ఈ పై భాగం క్యాన్సరే. ఎంఎస్‌హెచ్2 జన్యువులో లోపం ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. రోగి వయసు 60 లోపున్నా, రోగికే ఇంతకుముందు పేగు లేదా గర్భాశయ క్యాన్సర్ వచ్చినా, అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో, పిల్లల్లో ఒకరికి యాభై లోపు అలాంటి క్యాన్సర్ వచ్చినా అనుమానించాలి.

మన ఇళ్లలో "నాయనమ్మ కడుపులో గడ్డతో పోయింది" అనడమే గానీ ఏ గడ్డో ఎవరూ చెప్పరు. పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఎవరికి ఏ వయసులో ఏం జరిగిందో కాగితం మీద రాయండి. అమ్మ వైపు, నాన్న వైపు విడివిడిగా. మొదటి పరీక్షకు మళ్లీ రక్తం అక్కర్లేదు. తీసిన గడ్డ ముక్కమీదే ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే నాలుగు ప్రోటీన్లకు రంగు వేసి చూస్తారు. ఏదైనా లేకపోతే రక్తంతో జన్యు పరీక్ష. లోపం తేలితే పిల్లలకు, తోబుట్టువులకు పేగు పరీక్షలు ముందుగానే మొదలుపెట్టి ప్రాణాలు కాపాడవచ్చు.

రిపోర్టులో కిడ్నీ కండ క్యాన్సర్ అనే రాశారు, కానీ పేరు వింతగా ఉంది. ఏమిటవి?

కండ క్యాన్సర్లలో సుమారు 70 నుంచి 75 శాతం క్లియర్ సెల్ రకం. మిగతావాటిలో ప్యాపిలరీ, క్రోమోఫోబ్ కొంచెం తరచుగా కనబడతాయి. క్రోమోఫోబ్ ఎక్కువగా నెమ్మదైనది, చాలామందికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది. పాకిన ప్యాపిలరీ రకానికి కాబోజాంటినిబ్ మాత్ర మిగతా మాత్రలకన్నా మెరుగు.

కలెక్టింగ్ డక్ట్ రకం ఒక శాతం కన్నా తక్కువ, చాలా దుడుకు, దానికి గరాటు క్యాన్సర్‌కు ఇచ్చే ప్లాటినమ్ కీమోనే ఇస్తారు. యువతలో, పిల్లల్లో వస్తే టీఎఫ్ఈ3 జన్యువు తారుమారైన రకమేమో చూడాలి. ఎఫ్‌హెచ్ అనే జన్యువు లోపించిన రకం ఉన్న కుటుంబాల్లో చర్మం మీద నొప్పి పుట్టే చిన్న బుడిపెలు, ఆడవాళ్లకు చిన్న వయసులోనే గర్భాశయంలో పెద్ద ఫైబ్రాయిడ్లు ఉంటాయి. ఇరవై, ముప్ఫై ఏళ్లకే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఆ ఇంట్లో ఉంటే ఆ మాట చెప్పండి. మిగతా రకాల్లో చిన్న గడ్డను "కొన్నాళ్లు గమనిద్దాం" అనవచ్చు. ఈ రకంలో మాత్రం అలా ఆగకూడదు, చిన్నగా ఉన్నప్పుడే పాకుతుంది.

సికిల్ సెల్ ఉన్నవాళ్లకు ప్రత్యేకమైన కిడ్నీ క్యాన్సర్ ఉందా?

ఉంది. దాని పేరు రీనల్ మెడుల్లరీ కార్సినోమా. సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) లేకుండా ఒక జన్యువు మాత్రమే ఉన్నవాళ్లకు, అంటే ఆరోగ్యంగా తిరిగే వాహకులకు ఎక్కువగా వస్తుంది. పదిహేను నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య, మగపిల్లల్లో ఎక్కువ, కుడి కిడ్నీలో ఎక్కువ. చాలా చాలా అరుదు. కానీ వస్తే వేగంగా పాకుతుంది.

ఆదిలాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల గిరిజన గూడేల్లో సికిల్ సెల్ ఉంది. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. కార్డు మీద వాహకుడని రాసి ఉన్న యువకుడికి మూత్రంలో రక్తం పడితే, ముందుగా అనుకోవాల్సింది కిడ్నీ కొనలు రక్తం అందక దెబ్బతినడం, అదే చాలా సాధారణం. అయినా ఒకసారి సీటీ తీసి గడ్డ లేదని తేల్చుకోవాలి. గడ్డ ఉంటే పాథాలజిస్టుకు కార్డు సంగతి తప్పక చెప్పాలి. అప్పుడాయన ఐఎన్ఐ1 ప్రోటీన్ కోసం రంగు వేసి చూస్తారు, అది లేకపోతే పేరు ఖాయమవుతుంది. ఆ పేరు తెలియకపోతే మామూలు కిడ్నీ క్యాన్సర్ మాత్రలు ఇచ్చి విలువైన వారాలు పోగొడతారు. దీనికి కావాల్సింది కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కీమో.

బయాప్సీ మీద రెండో అభిప్రాయం ఎలా తీసుకోవాలి?

అరుదైన రకాల్లో ఇది చాలా అవసరం. రిపోర్టు కాగితం ఒక్కటి తీసుకెళ్తే చాలదు. గడ్డ ముక్కను మైనంలో పెట్టి దాచిన బ్లాకులు, రంగువేసిన స్లైడ్లు రెండూ అడగండి. ఆసుపత్రి పాథాలజీ విభాగానికి ఒక అర్జీ రాసి, సంతకం చేసి తీసుకోవచ్చు. బ్లాకు మీద నంబరు, రిపోర్టులో నంబరు ఒకటేనా అని కౌంటరు దగ్గరే సరిచూసుకోండి. మైనం ఎండకు కరుగుతుంది, మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి. గరాటు క్యాన్సరా, కండ క్యాన్సరా అన్న సందేహం ఉంటే గాటా3, పాక్స్8 రంగులు వేశారా అని అడగండి. మొదటిది ఎక్కువగా గరాటు పొరవైపు, రెండోది కిడ్నీ కండవైపు చూపిస్తుంది.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వ రంగంలో వెళ్లదగినవి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరేవాళ్లు కౌంటరు దగ్గరుండే ఆరోగ్యమిత్రను ఆపరేషన్‌కు ముందే కలవండి. ముందస్తు అనుమతి రాకుండా ఆపరేషన్ అయిపోతే తర్వాత డబ్బు రాబట్టుకోవడం కష్టం.

ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్లు తిరగాలి? ఒక కిడ్నీతో బతకొచ్చా?

ఒక కిడ్నీతో హాయిగా బతకొచ్చు, దాన్ని కాపాడుకోవాలంతే. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు. బీపీ, షుగర్ అదుపులో పెట్టుకోవాలి, క్రియాటినిన్ చూపించుకుంటూ ఉండాలి. ఏ స్కాన్‌కు వెళ్లినా రంగు మందు ఎక్కించే ముందు "నాకు ఒకటే కిడ్నీ" అని చెప్పాలి. పొగ మానాలి.

ఎక్కువ ప్రమాదం రకానికి మూడో నెలలో సిస్టోస్కోపీ, సైటాలజీ, ఆపైన రెండేళ్లు మూడు నెలలకోసారి, ఐదేళ్ల వరకు ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి. సీటీ మొదటి రెండేళ్లు ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికి. కిడ్నీయే తీసేశారు కదా, మూత్రాశయంలో గొట్టం ఎందుకని చాలామంది రెండో ఏడాదికే మానేస్తారు. జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా అక్కడే. తొందరగా దొరికితే మూత్రద్వారం గుండా గీకి తీసేసే చిన్న గడ్డగా ఉంటుంది. రెండోవైపు కిడ్నీలో, నాళంలో కూడా వందలో ఇద్దరు నుంచి ఆరుగురికి రావచ్చు, ఆ ఒక్కటే మిగిలి ఉంది కాబట్టి దాన్ని మొదట్లోనే పట్టుకోవాలి. తేదీలు గోడ క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టుకోండి, మధ్యలో ఎప్పుడు ఎర్రగా పడినా తేదీ వచ్చేదాకా ఆగకుండా వెళ్లండి.